ఆవు ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు చెప్పినారా?

ఆరు నెలల చూడి ఆవు రాత్రికి రాత్రే ఈసుకుపోతాది. తెల్లారి కొట్టంలోకి పోయి చూస్తే దూడ చచ్చి పడుంటాది, మాయ సగం వేలాడతా ఉంటాది. ఇంట్లో అందరి మొగాలూ వాడిపోతాయి. అప్పుచేసి తెచ్చిన ఆవు, పాల బిల్లుతో కట్టాల్సిన కంతు, ఇంక ఏడాది దాకా చుక్క పాలు లేవు. అమ్మ ఉత్త చేతుల్తోనే మాయ లాగి పారేసి, కొట్టం కడిగి, కాళ్లూ చేతులూ కడుక్కొని వంటింట్లోకి పోతాది. చచ్చిన దూడను అబ్బోడు గోనెసంచిలో వేసుకొనిపోయి వంకలో పారేసి వస్తాడు. నెల తిరిగేలోగా ఇంట్లో ఒకరికి జ్వరం తగులుకుంటాది. ఆవు ఈసుకుపోయినదానికీ ఈ జ్వరానికీ ముడి ఉండొచ్చని ఎవురికీ తట్టదు.

ఇది ఫలానా వాళ్ల ఇంటి కథ కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క గొడ్లు మేపే ఏ ఇంట్లో అయినా జరగగలిగిందే. ఆ జ్వరం పేరు బ్రూసెల్లోసిస్. జ్వరంతో పోతే ఒక బాధ. మెదడుకో, వెన్నుపాముకో ఎక్కితే ఇంకో బాధ. మన పక్క శానామంది ఆ పేరు కూడా విని ఉండరు. గొడ్ల డాక్టర్లకు తెలుసు, పెద్దాసుపత్రి డాక్టర్లకు తెలుసు, నడిమధ్యన ఉండే మనకే తెలీదు.

బ్రూసెల్లా అనేది కంటికి కనపడని బాక్టీరియా. ఆవుల్లో, ఎనుముల్లో ఉండేది ఒక రకం, మేకల్లో, గొర్రెల్లో ఉండేది ఇంకో రకం. మనిషికి ఎక్కువ కీడు చేసేది మేకలదే. చూడి గొడ్డు కడుపులో ఇది బాగా పెరుగుతాది. అందుకే ఐదు నెలలు దాటినాక, చూలు బాగా నిలబడింది అనుకున్న టైములో ఈసుకుపోతాది. చిక్కేమిటంటే, ఒకసారి ఈసుకుపోయిన ఆవు మళ్లీ చూలు కట్టి బాగానే ఈనుతాది. పాలిస్తాది, మేత మేస్తాది, చూడ్డానికి నిగనిగలాడతా ఉంటాది. ఆ పాలలో మాత్రం క్రిమి నెలల తరబడి, ఒక్కోసారి ఏండ్ల తరబడి వస్తానే ఉంటాది.

దీన్ని మొదట పట్టుకున్న కథ కూడా ఇట్లాంటిదే. మధ్యధరా సముద్రంలో మాల్టా అని చిన్న దీవి. అప్పట్లో అది ఇంగ్లీషోళ్ల చేతిలో ఉండేది. అక్కడి సిపాయిలకు నెలల తరబడి జ్వరం, ఒళ్లునొప్పులు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టరు చనిపోయిన సిపాయిల ప్లీహంలో ఈ క్రిమిని కనిపెట్టినాడు. ఆయన పేరే దానికి వచ్చింది. క్రిమి అయితే దొరికింది కానీ అది యాడ్నుంచి వస్తాందో తెలీడానికి ఇంకా 18 ఏండ్లు పట్టింది. 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ అనే మాల్టా డాక్టరు మేకల రక్తం పరీక్ష చేసి చూస్తే, ఏ జబ్బూ లేనట్టు కనపడే మేకల్లోనే అది ఉండాది. మరుసటేడు సిపాయిలకు పచ్చి మేక పాలు పోయడం ఆపేసినారు. వాళ్లలో జ్వరాలు తగ్గిపోయినాయి. మందు కనుక్కోకముందే, ఒక్క పాల చెంబు మార్చడంతోనే.

సరే, మన ఊరికొద్దాం. జ్వరం ఎట్లుంటాదంటే, పగలు రవంత బాగుంటాది, సాయంత్రానికి కాక పెరుగుతాది, రాత్రి చెమటకు దుప్పటి తడిసిపోతాది. కీళ్లునొప్పులు, నడుంనొప్పి, తిండి సయించకపోవడం, మనిషి తగ్గిపోవడం. మొగోళ్లలో కొందరికి వృషణం వాచి నొప్పి పెడతాది. సిగ్గుపడి అది ఇంట్లో కూడా చెప్పరు. కడుపుతో ఉండే ఆడబిడ్డలకు గర్భం పోయే ప్రమాదం కూడా ఉండాది. క్రిమి ఒంట్లోకి పోయిన రెండు మూడు వారాలకే జ్వరం రావచ్చు, నాలుగైదు నెలలు పట్టనూ వచ్చు. అందుకే ఎప్పుడో చలికాలంలో ఈసుకుపోయిన ఆవు, ఎండాకాలంలో వచ్చిన జ్వరానికి గుర్తురాదు.

మన ఊర్లలో జ్వరమంటే ఏం జరుగుతాదో మీకు తెలుసు. ఆర్‌ఎంపీ కాడికి పోతాం. ఒక వైడాల్ పరీక్ష, దాంట్లో ఏదో అంకె వస్తాది, ‘టైఫాయిడ్ ఉంది’ అంటారు. ఐదు రోజులు సూదులు, రెండు గ్లూకోజు సీసాలు. వైడాల్ అనేది నమ్మకమైన పరీక్ష కాదని డాక్టర్లే చెప్తారు. ఆ సూదులకు జ్వరం నాలుగు రోజులు అణిగి మళ్లీ లేస్తాది. ‘టైఫాయిడ్ తిరగబెట్టింది’ అంటారు. మళ్లీ సూదులు. ఇట్ల రెండు మూడు తడవలు టైఫాయిడ్ తిరగబెట్టినోళ్లు మీ వీధిలోనే ఎందరుండారో ఒకసారి లెక్కేసి చూడండి. వాళ్లందరికీ బ్రూసెల్లా అనడం లేదు. ఒక్కరికైనా ఆ పరీక్ష రాసినారా అనేదే నా ప్రశ్న.

ఇంక తలకాయ సంగతి. మన రక్తంలో కాపలా కణాలుంటాయి. లోపలికొచ్చిన క్రిమిని మింగి అరగదీయడం వాటి పని. బ్రూసెల్లాను కూడా మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. పోలీసు జీపులోనే దాక్కుని దొంగ ఊరూరూ తిరిగినట్టు, ఆ కణాల్లోనే కూర్చొని అది ఒళ్లంతా తిరుగుతాది. కాలేయం, ప్లీహం, ఎముకల మూలుగ, వెన్నుపూసలు. ఒక్కోసారి మెదడు చుట్టూ ఉండే పొరల్లోకి కూడా దూరుతాది. దాన్నే న్యూరోబ్రూసెల్లోసిస్ అంటారు. ఈ జబ్బు వచ్చిన నూరుమందిలో ఐదుగురికి అటూఇటుగా మాత్రమే ఇట్లవుతాది. తక్కువే. కానీ ఆ ఐదుగురిలో మన ఇంటి మనిషి ఉంటే లెక్క వేరు.

అది ఒకే వేషంలో రాదు. కొందరికి తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, మనిషి మత్తుగా మాట్లాడటం. అంటే మెదడు పొరల వాపు. కొందరికి ఫిట్స్. కొందరికి ఒక కన్ను పక్కకు పోయి ఒక వస్తువు రెండుగా కనపడతాది. అన్నిటికంటే గుర్తు పెట్టుకోవాల్సింది చెవి. మెదడు నుంచి చెవికి పోయే నరాన్ని ఈ క్రిమి తరచుగా దెబ్బతీస్తాది. జ్వరం వచ్చి పోతా ఉన్న మనిషి ‘ఏందీ, గట్టిగా చెప్పు’ అనడం మొదలుపెడితే, టీవీ సౌండు పెంచుతాంటే, అది వయసు చెవుడు అని వదిలేయొద్దు. పాతికేండ్ల పిల్లోడికి వయసు చెవుడు యాడిది?

ఇంకొందరికి కాళ్లలో వస్తాది. మొదట మెట్లెక్కడం కష్టం, తర్వాత చెప్పు జారిపోయినా తెలీకపోవడం, కాళ్లు బిగుసుకొని నడక మారడం, ఒంటేలు పట్టు తప్పడం. వెన్నుపాము వాచినా ఇట్లవుతాది, వెన్నుపూసలో చీము చేరి పాముని ఒత్తినా ఇట్లవుతాది. మెదడు రక్తనాళాలు వాచి చిన్న వయసులోనే పక్షవాతం వచ్చినోళ్లు కూడా ఉన్నారు. ఇంక చెప్పడానికి కష్టమైనది మనసు సంగతి. మనిషి మారిపోతాడు. ఊరికే చిరాకు, దిగులు, నిద్ర లేకపోవడం, మతిమరుపు, పొంతన లేని మాటలు. అట్లాంటప్పుడు మనోళ్లు ముందు పోయేది యాడికో నేను చెప్పాల్సిన పని లేదు. నిమ్మకాయలు దిష్టి తీసి, తాయెత్తు కట్టి రెండు నెలలు గడిచిపోతాయి. తాయెత్తు కట్టుకోండి, ఎవురూ వద్దనరు. దాంతోపాటు రక్త పరీక్షకు కూడా పోండి.

నర్సుల తల్లి అని మనం బడిలో చదువుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ 1855లో క్రిమియా యుద్ధంలో జ్వరంతో పడిపోయి, తర్వాత ఏండ్ల తరబడి వెన్నునొప్పితో, దిగులుతో మంచానికే అంటుకుపోయింది. అది బ్రూసెల్లానే అయ్యుండొచ్చని తర్వాతి కాలంలో కొందరు పరిశోధకులు రాసినారు. అప్పట్లో ఆమెకు అదంతా మనసు జబ్బేనని అన్నోళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. మదనపల్లె అంటే ఆరోగ్యవరం. వందేండ్ల కిందట క్షయ రోగుల కోసం కట్టిన శానిటోరియం అది. తెలుగు, తమిళ, కన్నడ దేశాల నుంచి జనం అక్కడికి గాలి మార్పుకు వచ్చేవాళ్లు. అందుకే మన పక్క పెద్దోళ్లకు టీబీ అంటే బాగా తెలుసు. కానీ మెదడుకెక్కిన బ్రూసెల్లా అచ్చం మెదడుకెక్కిన టీబీ మాదిరే ఉంటాది. వెన్నులో సూది వేసి నీరు తీసి చూస్తే రెండిట్లోనూ ఒకే రకం తెల్లకణాలు పెరిగుంటాయి, ప్రొటీను పెరిగుంటాది, చక్కెర తగ్గుంటాది. స్కానింగులో వెన్నుపూస దెబ్బతిన్నట్టు కనపడితే అదీ టీబీ మాదిరే ఉంటాది. తెలిసిన డాక్టరు తేడా పట్టగలడు. బ్రూసెల్లా ఎక్కువగా నడుం దగ్గరి పూసలకు పడతాది. టీబీ రవంత పైన పడి పూసను నుజ్జు చేసి గూని తెప్పిస్తాది. అయినా చూపుతోనే తేల్చేయలేరు.

మన దేశంలో టీబీ ఎక్కువ. కాబట్టి డాక్టరు ముందు టీబీ అనుకోవడం తప్పు కాదు. మెదడు టీబీలో ఒక్కో రోజు ఆలస్యం కూడా ప్రాణం మీదికి వస్తాది, అందుకే పరీక్షలు తేలకముందే మందు మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సిందే. ఇక్కడ ఒక మాయ జరుగుతాది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంటాది. అది బ్రూసెల్లాకు కూడా పనిచేస్తాది. కాబట్టి మనిషి రవంత తేరుకుంటాడు. ‘చూసినారా, టీబీనే’ అనుకుంటారు. కానీ ఒక్క మందుతో ఇది చావదు. కొన్నాళ్లకు మళ్లీ జ్వరం, మళ్లీ తలనొప్పి. ‘మందు సరిగ్గా మింగలేదు’ అని ఇంటోళ్లు రోగినే తిడతారు. ఈలోగా చెవి పోతాది, కాళ్లు పోతాయి. మెదడు పొరల వాపు ఒక్కటే అయితే సరైన మందు పడితే బాగానే కోలుకుంటారు. పోయిన వినికిడి, చచ్చుబడిన కాళ్లు మాత్రం అందరికీ పూర్తిగా తిరిగి రావు. తొందరగా కనుక్కోవాలనేది అందుకే.

ఆ తేడా పట్టడానికి ఖరీదైన మిషను అక్కర్లేదు. ‘ఇంట్లో గొడ్లుండాయా? ఈమధ్య ఏదన్నా ఈసుకుపోయిందా? పచ్చిపాలు తాగుతారా?’ అనే మూడు మాటలు చాలు. రోజుకు రెండొందల మందిని చూసే ఓపీలో డాక్టరుకు అడగను తీరకపోవచ్చు. మీకు చెప్పను తీరుతాది గదా.

క్రిమి మనకు యాడ్నుంచి వస్తాదో కూడా నిజంగా చూడాలి. మన ఇండ్లలో పాలు కాచకుండా తాగేది తక్కువ. కాగిన పాలలో బ్రూసెల్లా బతకదు. పాశ్చరైజు చేసేది కూడా అందుకే, 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు పెడితే చాలు. అందుకని ‘మాకేం కాదు’ అనుకుంటాం. కానీ గమనించండి. పిండిన వెంటనే నురుగుతో చెంబెత్తి తాగే గుమ్మపాలు, ‘బలం’ అని పిల్లోళ్లకు పోసే పచ్చి మేక పాలు, పచ్చకామెర్లకు పసరు కలిపి ఇచ్చే మేక పాలు, కాచకుండా తోడేసిన పెరుగు, ఆ పెరుగు చిలికిన వెన్న, పచ్చిపాలతో చేసే కుల్ఫీ. జున్ను ఉడికిస్తాం కాబట్టి భయం లేదు, లోపలి దాకా ఉడికితే. ఇంకోటి. పాల కేంద్రంలో పాలు చల్లబెడతారు. చల్లబెడితే పాలు విరగవు, అంతే. బ్రూసెల్లా చలికి చావదు. అక్కడ పట్టుకొచ్చిన పాలూ పచ్చిపాలే.

ఈమధ్య ఇంకో మోజు వచ్చింది. మన పుంగనూరు ఆవు, మూడడుగుల ఎత్తు కూడా ఉండని ఆవు, దేశమంతా పేరు తెచ్చుకుంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫోటోలు వచ్చినాక గిరాకీ ఇంకా పెరిగింది. మంచిదే, మన ఊరి పేరు, పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో ఏండ్ల తరబడి కాపాడుకొచ్చిన జాతి. కానీ దాని పాలు కాచితే గుణం పోతాదని, పచ్చివే అమృతమని వీడియోలు చేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తాది. జాతి మంచిదైనంత మాత్రాన క్రిమి దూరంగా ఉండదు. పుంగనూరు ఆవైనా, జెర్సీ అయినా, పరీక్ష చేయని గొడ్డు పచ్చిపాలు పచ్చిపాలే.

పాలకంటే పెద్ద దారి మన చేతులు. ఈసుకుపోయిన దూడలో, మాయలో, ఆ ఉమ్మనీటిలో క్రిమి కోట్ల లెక్కన ఉంటాది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, కంట్లో చుక్క పడినా చాలు, గాలిలో పీల్చినా పోతాది. ఆ పని చేసేది ఎవురు? ఎక్కువగా ఇంటి ఆడోళ్లు. గొర్రెల కాపర్లు, కసాయి అంగళ్లలో పనిచేసేవాళ్లు, గొడ్ల డాక్టర్లు, సూది వేసే గోపాలమిత్రలు. కొన్ని ఊర్లలో మాయను గోనెలో మూటకట్టి మర్రిచెట్టుకు వేలాడదీసే అలవాటుంది, ఆవుకు పాలు ఎక్కువ పడతాయని. ఈసుకుపోయినదాన్ని కుక్కల పాలు చేయడం, వంకలో వేయడం అంటే ఊరంతా పంచడమే. లోతుగా గుంట తవ్వి, సున్నం వేసి పూడ్చాలి. చేతికి గ్లవుసు లేకపోతే కనీసం ప్లాస్టిక్ కవరన్నా తొడుక్కోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కొట్టం బ్లీచింగుతో కడగాలి. కడుపుతో ఉండే ఆడబిడ్డను ఆ పక్కకే పోనీయకూడదు.

కువైట్ మాట కూడా చెప్పాలి. మదనపల్లె, రాయచోటి పక్క నుంచి గల్ఫుకు పోయినోళ్లు ఎందరో. అందులో ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే పనికి కుదిరినోళ్లూ ఉన్నారు. అక్కడ ఒంటె పాలు కాచకుండానే తాగే అలవాటుంది, బ్రూసెల్లా ఎప్పట్నుంచో ఉన్న దేశాలవి. అక్కడ తాగి ఇక్కడికొచ్చినాక నెలలకు జ్వరం బయటపడొచ్చు. మీ అన్నో, చిన్నాయనో తిరిగొచ్చినాక జ్వరం వదలకపోతే డాక్టరుకు ‘కువైట్‌లో గొర్రెలు కాసినాడు’ అని చెప్పండి. పాస్‌పోర్టు చూపించినంత పని అది.

గొడ్ల సంగతిలో అందరం మాట్లాడకుండా దాటేసే విషయం ఒకటుంది. ఈసుకుపోయిన ఆవును ఏం చేస్తాం? సంతకు తోలేస్తాం. ‘మంచి పాలావు, రెండో ఈత’ అని చెప్పి అమ్మేస్తాం. కొన్నోడు ఇంకో ఊర్లో మనలాంటి రైతే. తప్పు ఒక్క రైతుదే అనలేను. ఆవుకు ఈ జబ్బు మందుతో నయం చేయరు, ఊరికే మేపే శక్తి మనకు లేదు. ఆ నష్టాన్ని ఎవురు మోయాలనే ప్రశ్నకు ప్రభుత్వం సూటిగా జవాబు చెప్పనంత కాలం ఆ ఆవులు సంతల్లో తిరుగుతానే ఉంటాయి.

చేయగలిగింది మాత్రం ఒకటుంది, అది ఉచితం. 2019లో కేంద్రం గాలికుంటుతోపాటు బ్రూసెల్లాకు కూడా దేశమంతా టీకాలు మొదలుపెట్టింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యలకు, బతుకులో ఒక్కసారి వేస్తే చాలు. కోడెదూడలకు వేయరు, చూడి ఆవులకు వేయకూడదు. ఆ వయసు దాటిందంటే అవకాశం పోయినట్టే. ‘టీకా వేస్తే పెయ్యకు జ్వరమొస్తాది’ అని కొందరు కొట్టం వెనక దాచేస్తారు. ఒక రోజు జ్వరం వస్తే రానీయండి. ఆ టీకాలో ఉండేది బతికున్న క్రిమే, కాబట్టి సూది వేసేటప్పుడు పిల్లోళ్లను దగ్గర పెట్టొద్దు. సూది పొరపాటున మనిషికి గుచ్చుకుంటే వెంటనే డాక్టరు కాడికి పోవాలి. మనుషులకు మాత్రం ఈ జబ్బుకు టీకా వేసే పద్ధతి లేదు. ఊర్లో ఆవు ఈసుకుపోతే రైతు సేవా కేంద్రంలో చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి. రక్తం తీసి పరీక్షకు పంపమని అడగండి.

మనిషికి పరీక్ష కూడా రక్తంతోనే మొదలు. రోజ్ బెంగాల్ అని ఒకటి, అగ్లుటినేషన్ అని ఇంకోటి. రెండూ పాత పరీక్షలే. రక్తాన్ని కల్చర్‌కు పంపితే క్రిమి నెమ్మదిగా పెరుగుతాది, అదీకాక ల్యాబులో పనిచేసేవాళ్లకే అంటుకునే క్రిమి ఇది. కాబట్టి ‘బ్రూసెల్లా అనుమానం’ అని చీటీ మీద రాయించడం మర్చిపోవద్దు. తలకాయకు, వెన్నుకు ఎక్కిందనుకుంటే మనోళ్లు పోయేది తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో, బెంగుళూరు నిమ్హాన్స్‌కో. యాడికి పోయినా, వెన్ను నీటిలో కూడా ఆ పరీక్ష చేస్తారా అని అడగండి. వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయని మన పక్క ఒక భయం. ఆ నీరు తీసేది వెన్నుపాము ముగిసినాక, దాని కిందనుంచి. కాళ్లు పడిపోయేది జబ్బు కనుక్కోకపోతే.

మందులు ఉన్నాయి, పాతవే, అంత ఖరీదైనవీ కావు. మామూలు బ్రూసెల్లాకు డాక్సీసైక్లిన్‌తోపాటు రిఫాంపిసినో, స్ట్రెప్టోమైసిన్ సూదులో. డాక్సీసైక్లిన్ ఆరు వారాలు. మెదడుకెక్కితే సెఫ్‌ట్రయాక్సోన్ సూదులు కూడా కలిపి నెలల తరబడి. మూడు నెలలు, ఆరు నెలలు, వెన్ను నీరు శుభ్రపడే దాకా. పది రోజులకే జ్వరం తగ్గుతాది, అక్కడే శానామంది మాత్రలు ఆపేస్తారు, మళ్లీ తిరగబెడతాది. కడుపుతో ఉండేవాళ్లకు, ఎనిమిదేండ్లలోపు పిల్లోళ్లకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు, వాళ్లకు వేరే మందులుంటాయి. కాబట్టి ఇది చదివి మెడికల్ షాపులో కొనుక్కొని మింగొద్దు. ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ఎవురికైనా రెండు వారాలకు మించి జ్వరం వదలకుండా ఉంటే, ఈసారి ఓపీలో కూర్చున్నప్పుడు డాక్టరు అడగకముందే చెప్పేయండి: ‘సార్, మా ఇంట్లో గొడ్లుండాయి. మూడు నెలల కిందట ఆవు ఈసుకుపోయింది. మాయ అమ్మే తీసింది.’